గడప తొక్కని రోగులు: డాక్టర్ శారదా మీనన్ చూపిన త్రోవ

ఒక ఆసుపత్రి గొప్పతనమును లెక్కించుటకు లోకమున కొన్ని వాడుకైన కొలతలున్నవి. పడకలెన్ని, వైద్యులెందరు, ఏటేటా ఎందరు రోగులు నయమై ఇండ్లకు మరలుచున్నారు అని మనము విచారించుచుందుము. ఈ లెక్కలన్నియు ఆసుపత్రి రిజిస్టరులో దొరకును. రిజిస్టరులో దొరకని లెక్క ఒకటి కలదు. జబ్బుపడియు ఆసుపత్రి గడప తొక్కనివారెందరు? ఒకసారి తొక్కి, నాలుగు నెలలు మందు పుచ్చుకొని, మరల ఆ వైపు చూడనివారెందరు? నయమైనదని ఇంటికి పంపగా, ఇంటిలో చోటు లేక తిరిగి వచ్చినవారెందరు? దేహమునకు వచ్చు జబ్బుల విషయమున ఈ ప్రశ్నలకు ఏదో ఒక సమాధానము దొరకును. మనస్సునకు వచ్చు జబ్బుల విషయమున మాత్రము చాలకాలమువరకు ఈ ప్రశ్నలు వేసినవారే అరుదు.

మన దేశమున ఈ ప్రశ్నలను తన జీవితమంతయు విడువక వేసిన వైద్యులలో డాక్టర్ శారదా మీనన్ ముఖ్యురాలు. ఆమె 1923 ఏప్రిల్ 5వ తేదీన మంగుళూరులో జన్మించి, 2021 డిసెంబరు 5వ తేదీన చెన్నైలో కన్నుమూసినారు. తొంబది యెనిమిదేండ్ల ఆ నిండు జీవితమున ఆరు దశాబ్దములు మనోవ్యాధిగ్రస్తుల సేవలోనే గడచినవి. భారతదేశమున మనోవైద్యమును శాస్త్రీయముగా అభ్యసించి వృత్తిగా స్వీకరించిన తొలి మహిళ ఆమెయే అని చెప్పుదురు. కాని ఆమెను మనము తలచుకొనవలసినది తొలి మహిళ అయినందుకు మాత్రమే కాదు. స్కిజోఫ్రీనియా అను వ్యాధిలో చికిత్స ఎక్కడ ఆరంభము కావలెను, ఎక్కడ ఆగిపోవుచున్నది, ఎవరికి అసలే అందుట లేదు అను విషయమును ఆమెయు, ఆమె చేతిమీదుగా తయారైనవారును లోకమునకు తేటపరచినారు. ఆ చరిత్రను కొంచెము వివరముగా తెలిసికొందము.

మొదట వ్యాధిని గురించి నాలుగు మాటలు. ఇది సాధారణముగా వయస్సు వచ్చిన తొలి సంవత్సరములలో, అనగా పదునారు పదునేడేండ్లు మొదలుకొని ముప్పదియైదేండ్లలోపున పొడచూపును. చక్కగా చదువుకొనుచున్న పిల్లవాడు క్రమముగా మాట తగ్గించును. స్నానము, భోజనము మరచును. ఎవరును పలుకకున్నను మాటలు వినబడుచున్నవనును. ఇరుగుపొరుగువారు తనపై కుట్ర పన్నుచున్నారనును. తనలో తాను నవ్వుకొనును. ఒకనాడు మంచముపై కూర్చుండి, దినములకొలది కదలకుండును. ఈ లక్షణములను ఒకచోట చేర్చి, ఇది ఒక ప్రత్యేక వ్యాధి అని 19వ శతాబ్దపు చివర జర్మనీ దేశపు వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ వర్ణించినాడు. 1908లో స్విట్జర్లండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ దీనికి స్కిజోఫ్రీనియా అను పేరు పెట్టినాడు. మనోవృత్తులు ఒకదానితో ఒకటి పొందిక తప్పి చీలిపోవుట అని ఆ పేరునకు భావము. ఒకే మనిషిలో ఇద్దరు మనుష్యులుండుట అని కొందరనుకొనునది పొరపాటు.

ఈ వ్యాధికి కారణము ఇదియని ఒక్కదానిని చూపుటకు వీలు లేదు. వంశపారంపర్యముగా వచ్చు స్వభావము, మెదడులోని రసాయనముల తారతమ్యము, జీవితమున కలిగిన ఒత్తిడి ఇవన్నియు కలిసి పనిచేయును. తల్లి పెంపకములోని లోపముగాని, పూర్వజన్మ పాపముగాని, ఎవరో చేసిన ప్రయోగముగాని కారణము కాదు. ఏ కాలమున లెక్కించినను జనాభాలో వేయిమందికి ముగ్గురు నలుగురు ఈ వ్యాధితో బాధపడుచుందురని అంచనా. ఒక పెద్ద గ్రామములో పదిపదునైదు కుటుంబములకు ఇది సొంత అనుభవమన్నమాట. అయినను మనకు ఆ కుటుంబములు కనబడవు. ఎందుచేతననగా ఇది ఇంటి గుట్టు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట ఈ మాట పెదవి దాటదు. అందుకే ఈ వ్యాధి చరిత్రలో గోడలకు అంత ప్రాముఖ్యము వచ్చినది.

ఆ గోడల కథకు మద్రాసు నగరము మంచి నిదర్శనము. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో 1794లో వాలెంటైన్ కొనోలీ అను వైద్యుడు అచ్చట ఒక పిచ్చాసుపత్రిని నెలకొల్పినాడు. తరువాత ప్రభుత్వమువారు 1871లో కిల్పాక్ ప్రాంతమున లోకాక్ తోట అను విశాల స్థలమున కొత్త ఆశ్రయమును కట్టించి, 145 మంది రోగులతో ఆరంభించినారు. ఊరికి దూరము, చుట్టును ఎత్తయిన ప్రహరి, లోపల తోటలు, గదులు. ఉన్మత్తులను లోకమునుండియు, లోకమును ఉన్మత్తులనుండియు కాపాడుట ఆ కట్టడపు ఉద్దేశము. 1912లో వచ్చిన చట్టము ఆ ఉద్దేశమునకు శాసనరూపమిచ్చినది. రోగిని చేర్చుకొనుటకు సాధారణముగా మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. ఆ విధముగా రోగి వైద్యుని కంటె ముందు న్యాయస్థానమును చూచెడివాడు. 1920వ దశకపు ఆరంభమున పిచ్చాసుపత్రి అను పేరు తీసివేసి మానసిక వైద్యశాల అను పేరు పెట్టినారు. పేరు మారినంత సులభముగా గోడ మారలేదు.

1946లో భోర్ సంఘమువారు దేశమునందలి ఆరోగ్య పరిస్థితిని పరిశీలించి నివేదిక సమర్పించినారు. అప్పటికి సుమారు 40 కోట్ల జనాభా గల అవిభక్త భారతదేశమున మనోవ్యాధులకు ఉన్న పడకలు సుమారు 10,000 మాత్రమే. అవసరమునకును ఏర్పాటునకును ఉన్న దూరమును అధికారికముగా కాగితముపై వ్రాసి చూపిన తొలి సందర్భములలో ఇది ఒకటి. ఆ సంఘము సిఫార్సుల ఫలితముగానే 1954లో బెంగుళూరున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడినది. అదియే 1974 నుండి నిమ్హాన్స్ అను పేర ప్రసిద్ధమైనది. అంతవరకు మన దేశమున మనోవైద్యమును పద్ధతిగా నేర్పు చోట్లు చాల అరుదు.

శారదా మీనన్ చదువుకొన్న కాలమిది. ఆమెది మలయాళ కుటుంబము. తండ్రి న్యాయాధిపతి, ఆయనకు మద్రాసుకు బదిలీ అగుటచే ఆమె విద్య అచ్చటనే సాగినది. 1951లో మద్రాసు వైద్య కళాశాలలో పట్టము పొంది, ఢిల్లీలో ఇర్విన్ ఆసుపత్రిలో శిక్షణ ముగించినారు. తరువాత ఆమె వైద్యవృత్తి ఆరంభించినది మన తెలుగు గడ్డమీద. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరములోని ఒక క్రైస్తవ మిషను ఆసుపత్రిలో ఆమె తొలి ఉద్యోగము. అచ్చటినుండి ఉన్నత విద్యకై మద్రాసుకు మరలి, బెంగుళూరు సంస్థలో కొత్తగా పెట్టిన రెండేండ్ల డిప్లొమాలో చేరి మనోవైద్యము అభ్యసించినారు. 1959లో కిల్పాక్ మానసిక వైద్యశాలలో చేరినారు. 1961లో ఆ వైద్యశాలకు అధిపతి అయినారు. ఆ పదవిని పొందిన తొలి మహిళ ఆమెయే. 1978లో ఉద్యోగ విరమణ చేయువరకు ఆ బాధ్యత ఆమెదే.

ఆమె అడుగుపెట్టునాటికి వైద్యశాస్త్రమున ఒక పెద్ద మార్పు జరిగియుండినది. 1952లో పారిస్ నగరమున జాన్ డిలే, పియర్ డెనికర్ అను ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అను మందు ఉన్మాద లక్షణములను శాంతింపజేయునని కనుగొన్నారు. అంతకు పూర్వము ఇన్సులిన్‌తో స్మృతి తప్పించుట, విద్యుత్తుతో మూర్ఛ తెప్పించుట వంటి చికిత్సలే గతి. అవియు లేనిచోట కట్టివేయుటయే చికిత్స. కొత్త మందు కొలది సంవత్సరములలో మన దేశమునకును వచ్చినది. కేకలు తగ్గినవి, సంకెళ్ళ పని తగ్గినది, లేనివారి మాటలు వినబడుట తగ్గినది. ఏండ్ల తరబడి మాటలాడనివాడు తన ఊరి పేరు చెప్పినాడు.

ఇచ్చటనే అసలు చిక్కు బయటపడినది. ఊరి పేరు చెప్పినవానిని ఊరికి పంపవలెను గదా. ఊరు వానిని మరల చేర్చుకొనునా? మానసిక వైద్యశాలల అనుభవములో ఇది పాత కథ. కొందరు బంధువులు రోగిని చేర్చునప్పుడే తప్పు చిరునామా వ్రాయించి పోవుదురు. కొందరు మొదటి సంవత్సరము వచ్చి చూతురు, తరువాత రారు. ఆస్తి పంపకములలో రోగి పేరు జారిపోవును. భర్త మరియొక పెండ్లి చేసికొనును. ఇంటికి వెళ్ళినవాడు పని లేక, పలుకరించువారు లేక, మందు మానివేసి ఆరు నెలలలో తిరిగి వచ్చును. ఆ మందు లక్షణములను అణచగలదు గాని, పోయిన ఉద్యోగమును, పోయిన పరువును, పోయిన సంసారమును తెచ్చి పెట్టలేదు. పిచ్చి కుదిరినది, రోకలి తలకు చుట్టుమన్నట్టు మన సామెత ఒకటి కలదు. పరిహాసమునకు చెప్పునదే అయినను, కుదిరినదని పైకి కనబడుటకును నిజముగా కుదురుటకును మధ్య ఎంత దూరమున్నదో ఆ సామెతకు తెలియును.

శారదా మీనన్ పరిపాలనలో ఈ దూరమును తగ్గించుటకు మూడు దారులు తీసినారు. మొదటిది, వైద్యశాలను లోపలనుండి మార్చుట. రోగులకు వృత్తులు నేర్పుటకు, చేసిన పనికి ప్రతిఫలము ముట్టునట్లు చేయుటకు పనిశాలలు ఏర్పడినవి. ఉదయము లేచి చేయవలసిన పని ఒకటి ఉన్నదను భావమే సగము మందు అని ఆ ఏర్పాటులోని తత్త్వము. రెండవది, కుటుంబమును చికిత్సలో భాగస్థులను చేయుట. ఇదే కాలమునకు కొంచెము ముందుగా అమృతసర్ నగరమున డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారములలో ఉండనిచ్చి, వారికి వ్యాధి స్వరూపమును బోధించి, వారి చేతనే శుశ్రూష చేయించి మంచి ఫలితములు సాధించియుండినారు. పాశ్చాత్య దేశములలో రోగిని కుటుంబమునుండి వేరు చేయుట వాడుకైన ఆ దినములలో, మన దేశపు వైద్యులు కుటుంబమునే ఔషధముగా గుర్తించుట చెప్పుకొనదగిన విషయము.

మూడవది అన్నిటికంటె దూరదృష్టి గలది. రోగి కిల్పాక్‌కు వచ్చువరకు కనిపెట్టుకొని ఉండుట మాని, రోగి ఉన్నచోటికి వైద్యమును పంపుట. కిల్పాక్‌లో బయటి రోగుల విభాగము పెరిగినది. జిల్లా ఆసుపత్రులలో మనోవైద్య కేంద్రములు ఏర్పడినవి. జ్వరమునకు మందు తీసికొను వరుసలోనే నిలబడి మనోవ్యాధికి మందు తీసికొనుట మొదలైనది. చూచుటకు ఇది చిన్న సంగతి. కాని పెద్ద గోడ గల ఆసుపత్రికి పోయి వచ్చితినని చెప్పుకొనలేనివారు, జిల్లా ఆసుపత్రికి పోయి వచ్చితినని నిస్సంకోచముగా చెప్పుకొనగలరు. సిగ్గు అనునది రోగిని వైద్యునికి దూరము చేయు పెద్ద అడ్డంకి అని గుర్తించినవారు మాత్రమే ఇట్టి ఏర్పాటు చేయగలరు.

1978లో పదవీ విరమణతో ఆమె పని ముగిసినచో, మంచి అధికారిణిగా మాత్రమే చరిత్రలో నిలిచియుందురు. పదునేడు సంవత్సరములు ఒక మహా వైద్యశాలను నడిపిన తరువాత ఆమెకు స్పష్టమైన విషయమేమనగా, స్కిజోఫ్రీనియాతో బ్రతుకువారికి కావలసినవి చాల భాగము ఆసుపత్రి చేతిలో లేవు. పగటిపూట పోయి కూర్చుండుటకు, పని నేర్చుకొనుటకు ఒక చోటు కావలెను. తల్లిదండ్రులకు ధైర్యము చెప్పువారు కావలెను. తల్లిదండ్రులు గతించిన పిమ్మట నీడ కావలెను. వీటన్నిటికి తోడు, మన దేశపు రోగులను గురించి మనమే చేసికొన్న పరిశోధన కావలెను. ఈ ఉద్దేశముతో 1984లో ఆమె మరికొందరు వైద్యులను, దాతలను కూర్చి చెన్నైలో స్కిజోఫ్రీనియా పరిశోధనా సంస్థను స్థాపించినారు. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరములు కలిపి స్కార్ఫ్ అని పిలుచుట వాడుక. చికిత్స, పునరావాసము, పరిశోధన ఈ మూడును ఒకే కప్పు క్రింద నడచుట దాని ప్రత్యేకత. కాలక్రమమున ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని తన సహకార కేంద్రముగా గుర్తించినది. శారదా మీనన్ తరువాత డాక్టర్ ఆర్. తార మొదలైనవారు దానిని నడిపి పెంచినారు.

ఈ పరిశోధనలలో రెండిటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినగాని ఈ చరిత్రలోని సారము మనకు బోధపడదు.

మొదటిది మద్రాసు దీర్ఘకాలిక అధ్యయనము. 1980వ దశకపు ఆరంభమున, వ్యాధి మొట్టమొదటిసారి పొడచూపిన 90 మంది రోగులను తీసికొని సంవత్సరముల తరబడి వెంబడించి పరిశీలించినారు. పది సంవత్సరముల తరువాత 76 మందిని గురించిన సమాచారము పూర్తిగా లభించినది. వారిలో సుమారు మూడింట రెండువంతుల మంది వ్యాధిగతి బాగుగానే ఉన్నట్లు తేలినది. ఇది సంతోషకరమైన వార్త. క్రెపెలిన్ కాలమునుండియు ఈ వ్యాధి వచ్చినవాడు క్రమక్రమముగా క్షీణించిపోవుటయే గాని కోలుకొనుట ఉండదని పాశ్చాత్యులు అనుకొనెడివారు. 1960వ దశకపు చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్రాతో సహా తొమ్మిది కేంద్రములలో ఆరంభించిన పరిశోధన కూడ, ధనిక దేశములకంటె భారతదేశము వంటి దేశములలోనే రోగులు మెరుగుగా ఉన్నారని చూపినది. మద్రాసు అధ్యయనము ఆ ఆశకు బలము చేకూర్చినది.

ఇట్టి వార్త వినినప్పుడు మనకు ఒక ప్రమాదకరమైన తృప్తి కలుగుట సహజము. మన కుటుంబ వ్యవస్థ గొప్పది, మన ఉమ్మడి సంసారములే రోగులను కాపాడుచున్నవి, కావున మనకు అంత చింత అక్కరలేదు అని అనిపించును. ఇందులో సత్యము లేకపోలేదు. కాని ఒక్క సంగతి మరువరాదు. పది సంవత్సరములు లెక్కకు వచ్చిన ఆ రోగులందరును మొదట వైద్యుని వద్దకు వచ్చినవారే. రానివారి మాట ఏమి?

రెండవ పరిశోధన ఆ ప్రశ్ననే పట్టుకొన్నది. స్కార్ఫ్ సంస్థకు చెందిన డాక్టర్ పద్మావతి, డాక్టర్ రాజ్‌కుమార్, వారి సహచరులు చెన్నై నగరములోని ఒక ప్రాంతపు జనాభాలో ఇంటింటికి వెళ్ళి స్కిజోఫ్రీనియా గలవారిని గుర్తించినారు. ఆ ఫలితములు 1998లో ప్రకటితమైనవి. గుర్తింపబడినవారిలో దాదాపు మూడింట ఒకవంతు మంది ఏనాడును ఏ చికిత్సయు పొందనివారు! ఇది వైద్యుడు లేని మారుమూల అడవి కాదు. వైద్య కళాశాలలు, ఉచిత ఆసుపత్రులు, రెండు వందల ఏండ్ల మనోవైద్య చరిత్ర గల మహానగరము. అచ్చటనే ముగ్గురిలో ఒకరు గడప తొక్కలేదు. చికిత్స పొందినవారితో పోల్చగా వారి స్థితి హీనముగా ఉన్నదనియు, రోజువారీ పనులలో వారు వెనుకబడియున్నారనియు తేలినది. కుటుంబ నిర్మాణమునకును చికిత్స లేకపోవుటకును సంబంధము కనబడుట మరియొక విశేషము. పెద్ద సంసారములలో, సంపాదించువారు వేరే ఉన్నచోట, పని చేయలేని ఒక మనిషిని మూలనుంచి అన్నము పెట్టి భరించుట సాధ్యమగును. భరించుట సాధ్యమగుచున్నందున చికిత్స చేయించవలెనను తొందర కలుగదు. రోగిని వీధిపాలు కానీయని ఆ దయయే, రోగిని వైద్యుని దరికి చేరనీయని అడ్డుగా మారవచ్చును.

ఈ రెండు పరిశోధనలను కలిపి చదివినచో తేలునది ఇది. కుటుంబము ఔషధమునకు బదులు కాదు, ఔషధమునకు జత. జత కుదిరినచోట ముగ్గురిలో ఇద్దరు కోలుకొనుచున్నారు. జత తప్పినచోట మనిషి బ్రతికియుండును, జీవితము ఉండదు. శారదా మీనన్ కిల్పాక్‌లో బంధువులను పిలిచి మాటలాడిన నాటినుండి ఆచరణలో పెట్టినదే, తరువాతి తరము లెక్కలు కట్టి రుజువు చేసినది.

చికిత్స రాకపోవుటకు కారణములు ఇంకను కలవు. జబ్బును జబ్బుగా గుర్తింపకపోవుట మొదటిది. పిల్లవాడు సోమరియైనాడనియో, పొగరెక్కినదనియో కొన్నాళ్ళు గడచును. గాలి సోకినదని కొన్నాళ్ళు గడచును. ఆ పిమ్మట పెండ్లి చికిత్స! పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు అని మనవారు నవ్వుచునే ఒక ఘోరమైన నిజమును చెప్పినారు. ఈ ఆశతో చేసిన పెండ్లిండ్లు ఏమైనవో తార మొదలైనవారు పరిశీలించినారు. వ్యాధి వచ్చి, భర్త విడిచిన స్త్రీలను గురించి వారు 2003లో ప్రకటించిన వ్యాసములు చదివినచో మనస్సు కలత చెందును. భార్యకు జబ్బైనచో భర్త విడిచిపెట్టుట ఎక్కువ. విడిచిన భర్తనుండి మనోవర్తి రాబట్టుట అరుదు. ఆమె భారమంతయు ముసలి తల్లిదండ్రులపై పడును. తమ తరువాత ఆమె గతి ఏమి అనునదియే వారి రాత్రింబవళ్ళ చింత. ఇది ఏ మాత్రలు తీర్చు అవసరము? తీరని అవసరములు అనినప్పుడు మందు దొరకకపోవుట మాత్రమే కాక, ఇట్టివన్నియు ఆ లెక్కలోనికి వచ్చునని ఈ పరిశోధనలు మనకు నేర్పినవి.

చట్టము మెల్లగా ఈ త్రోవనే నడచినది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఏర్పడినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోనే మనోవ్యాధులకు చికిత్స దొరకవలెనని దాని ఆశయము. తెలుగువారు గణనీయముగా నివసించు బళ్ళారి జిల్లాలో 1980వ దశకపు మధ్యకాలమున దీనిని పరీక్షార్థము నడిపి, 1996 నుండి జిల్లా కార్యక్రమముగా విస్తరింపజేసినారు. 1912 నాటి చట్టమును తొలగించి 1987లో కొత్త చట్టము చేసినారు. 1995లో అంగవైకల్యము గలవారి హక్కులకై చట్టము వచ్చినప్పుడు మనోవ్యాధిని కూడ వైకల్యముగా గుర్తించినారు. శారదా మీనన్, ఆమె సంస్థ కోరుచు వచ్చినదే ఇది. కాలు లేనివానికి లోటు కంటికి కనబడును. మనోవ్యాధి గలవానికి కనబడదు. కనబడని లోటును సర్కారు కాగితముపై అంగీకరింపజేయుట సామాన్యమైన పని కాదు. ఆ గుర్తింపువలననే ప్రభుత్వ సహాయము కోరుటకు రోగులకు అర్హత కలిగినది.

అయినను 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడి గ్రామమున జరిగిన దుర్ఘటన దేశమును నిద్ర లేపినది. అచ్చటి దర్గాకు రోగులను తెచ్చి ఉంచుట బహుకాలపు వాడుక. వారికై కొందరు ప్రైవేటు వ్యక్తులు నడిపిన పాకలలో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకొన్నది. లోపలి రోగులు గొలుసులతో కట్టబడియుండినారు. 28 మంది చనిపోయినారు. వారిని అచ్చటికి తెచ్చిన తల్లిదండ్రులు క్రూరులు కారు. వేరొక దారి తెలియనివారు, తెలిసినను అందనివారు, అంది ఫలించక విసిగినవారు. అవసరము తీరనిచోట మనిషి ఎచ్చటికి చేరునో ఏర్వాడి చూపినది. రోగులను గొలుసులతో కట్టుటను నిషేధించుచు, మానసిక చికిత్స పొందుట ప్రతి వ్యక్తి హక్కు అని ప్రకటించుచు 2017లో మరియొక చట్టము వచ్చినది.

హక్కు అని వ్రాసినంతమాత్రమున వైద్యుడు గ్రామమునకు చేరడు గదా. అందుకై స్కార్ఫ్ సంస్థవారు పుదుక్కోట్టై జిల్లాలో ఒక బస్సును నడుపసాగినారు. ఆ బస్సులో ఒక తెర ఉండును. చెన్నైలో కూర్చున్న వైద్యుడు ఆ తెరమీద రోగితో మాటలాడి మందు వ్రాయును. బస్సులోనే మందులిచ్చుదురు. మందు ఆగకుండ గ్రామములలోని కార్యకర్తలు కనిపెట్టుదురు. 1960వ దశకమున కిల్పాక్ గోడ దాటి జిల్లా ఆసుపత్రికి చేరిన ప్రయాణమే ఈ బస్సు రూపమున పల్లె రచ్చబండవరకు సాగినదని భావింపవచ్చును.

ఇంతయు జరిగిన తరువాత మన స్థితి ఏమి? 2015-16లో నిమ్హాన్స్ సంస్థ పండ్రెండు రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను నడిపినది. తీవ్రమైన మనోవ్యాధులు గలవారిలో నూటికి 70 మందికి పైగా ఆ సమయమున చికిత్స పొందుట లేదని అందు తేలినది. భోర్ సంఘము నివేదిక నాటినుండి డెబ్బది సంవత్సరములు గడచినవి. మందులు పెరిగినవి, వైద్యులు పెరిగినారు, చట్టములు మెరుగైనవి. గడప తొక్కనివారే నేటికిని అధిక సంఖ్యాకులు.

ఈ చరిత్రను మన ఇండ్లలో కూర్చుండి వినువారమైన మనకు దీనివలన ప్రయోజనమేమి? ఒక్కటి కలదు. వైద్యులు గడప దాటి ఎంత దూరము వచ్చినను, చివరి నాలుగు అడుగులు మన ఇంటిలోనివారే నడువవలెను. ఇంట ఎవరైన మాట మాని, నిద్ర మాని, లేని మాటలు వినుచున్నచో అది స్వభావము మారుట కాదు, జబ్బు కావచ్చును. మొదటి సంవత్సరములలో చికిత్స మొదలైనచో కోలుకొను అవకాశము హెచ్చు. కుదిరినదని తోచగానే మందు మానరాదు. మానుట వైద్యుని సలహాతోనే జరుగవలెను. పెండ్లి చికిత్స కాదు. కోలుకొనువానికి మందుతోపాటు చేయుటకు ఒక పనియు, పేరుపెట్టి పిలుచు ఒక మనిషియు కావలెను. గుడికి, దర్గాకు, చర్చికి పోవువారు పోవచ్చును. వైద్యుని వద్దకు పోవుట మాత్రము మానరాదు.

శారదా మీనన్ సేవలకు 1992లో భారత ప్రభుత్వము పద్మభూషణ్ బిరుదునిచ్చి గౌరవించినది. తొంబదేండ్లు దాటిన తరువాతను ఆమె రోగులను చూచుట మానలేదు. ఆమె కాలమున కట్టినవాటిలో గోడలు తక్కువ, తలుపులు ఎక్కువ. ఆ తలుపులవరకు మన ఇండ్లలోని రోగులను చేయి పట్టుకొని తీసికొనిపోవుట ఇంక మన వంతు.